కాస్ట్ బుల్లెట్లకు లూబ్-సైజర్ కొంటున్నారా? ముందు బారెల్ కొలవండి, తర్వాతే ప్రెస్ ఎంచుకోండి

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లే కాదు, గ్యారేజీ బల్ల మీద బిగించుకునే పనిముట్ల గురించి కూడా రాయమని అమెరికాలో ఉండే మన పాఠకులు అడుగుతుంటారు. అలాంటిదే ఇది. టార్గెట్ షూటింగ్ అలవాటున్నవాళ్లలో కొందరు సీసం కరిగించి, అచ్చులో పోసి, బుల్లెట్లు సొంతంగా తయారు చేసుకుంటారు. అచ్చులోంచి వచ్చిన బుల్లెట్‌ని సరైన కొలతకు తెచ్చి, దాని గాళ్లలో మైనం లాంటి లూబ్ నింపే యంత్రమే లూబ్-సైజర్. మార్కెట్లో ఇవి పదుల డాలర్ల నుంచి వందల డాలర్ల దాకా ఉన్నాయి. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో చూద్దాం.

కొనే ముందు చట్టం సంగతి

ఇది చివర్లో చిన్న అక్షరాల్లో రాయాల్సిన విషయం కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాం. అమెరికా ఫెడరల్ చట్టంలో 'అమ్యునిషన్' అంటే పూర్తిగా తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు, ప్రైమర్, పౌడర్, బుల్లెట్ కూడా విడివిడిగా ఆ నిర్వచనంలోకే వస్తాయి. అంటే మీరు పోసిన సీసం బుల్లెట్ కూడా అందులో ఉన్నట్టే. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ల లాంటి కొద్దిమందికే మినహాయింపు. "ఫ్రెండ్‌ది గ్రీన్ కార్డే కదా, బుల్లెట్లు మా గ్యారేజీలో పెట్టుకుంటే ఏమవుతుంది" అనుకుంటే కేసు, దానితో పాటు వీసా గొడవ. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకీ పౌరులకీ ఈ అడ్డంకి లేదు. కానీ రాష్ట్రానికో రూల్ ఉంటుంది, మీ రాష్ట్రంది చూసుకోండి. ఉదాహరణకి కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం వాడకూడదు. సొంత వాడకానికి చేసుకోవచ్చు గానీ, అమ్మకానికి చేస్తే ఫెడరల్ లైసెన్స్ కావాలి.

ఇండియా సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్ లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం. దాన్ని తయారు చేసే యంత్రాలను కూడా ఆ చట్టం మందుగుండు నిర్వచనంలోనే పెట్టింది. కాబట్టి ఊరికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఈ ప్రెస్ పెట్టుకురావాలనే ఆలోచన అస్సలు వద్దు.

అసలు సైజింగ్ ఎందుకు?

బారెల్ లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి. సీసం బుల్లెట్ ఆ గాళ్లను పూర్తిగా నింపాలి. సన్నగా ఉంటే వెనకున్న వేడి గ్యాస్ పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగిస్తుంది, ఆ సీసం బారెల్‌కి అంటుకుంటుంది. షూటర్లు 'లెడింగ్' అనేది దీన్నే. గురి పాడవుతుంది, శుభ్రం చేయడానికి గంటలు పడుతుంది. అందుకే కాస్ట్ బుల్లెట్‌ని బారెల్ గాడి కొలత కన్నా అంగుళంలో వెయ్యో వంతు నుంచి రెండు వెయ్యో వంతుల దాకా లావుగా ఉంచుతారు. వెయ్యో వంతు అంటే సుమారు 0.025 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందంలో దాదాపు మూడో వంతు.

మామూలుగా వాడే సైజులు ఇవి: 9 ఎంఎంకి 0.356 లేదా 0.357 అంగుళాలు, .38 స్పెషల్‌కి 0.358, .45 ఏసీపీకి 0.452, .30 క్యాలిబర్ రైఫిళ్లకు 0.309 లేదా 0.310. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే. మీ తుపాకీకి ఏది సరిపోతుందో మీ బారెలే చెప్పాలి.

దానికి చేయాల్సింది ఒక్కటే. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, నూనె రాసిన మెత్తటి సీసం ముక్కని బారెల్‌లోంచి మెల్లగా తోసి బయటికి తీసి, దాన్ని మైక్రోమీటర్‌తో కొలవాలి. డిజిటల్ క్యాలిపర్ ఈ పనికి చాలదు. వెయ్యో వంతు తేడా దగ్గర దాన్ని నమ్మలేం. ఐదు గాళ్లున్న బారెల్ అయితే ఎదురెదురుగా గాళ్లు ఉండవు కాబట్టి మామూలు మైక్రోమీటర్ కూడా తప్పు చూపిస్తుంది, వి ఆకారం ఉన్నది కావాలి. రివాల్వర్ అయితే సిలిండర్ నోళ్లు కూడా కొలవండి. బుల్లెట్ వేలితో తోస్తే కొద్దిగా బిగువుగా జారాలి. నోళ్లు బారెల్ కన్నా సన్నగా ఉంటే, బుల్లెట్‌ని ఎంత కొలతకు తెచ్చినా సిలిండర్ దాన్ని మళ్లీ నొక్కేస్తుంది.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. లూబ్-సైజర్ బుల్లెట్‌ని సన్నం చేయగలదు, లావు చేయలేదు. బారెల్‌కి 0.358 కావాల్సి ఉండి, అచ్చు 0.356 బుల్లెట్ ఇస్తుంటే మూడు వందల డాలర్ల ప్రెస్ కొన్నా లెడింగ్ ఆగదు. అప్పుడు మార్చాల్సింది అచ్చు.

లైమన్ 4500, ఆర్‌సీబీఎస్ ల్యూబ్-ఎ-మ్యాటిక్: అందరికీ తెలిసిన దారి

ఈ రెండూ దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. బుల్లెట్‌ని డై నోటి దగ్గర మూతి పైకి ఉండేలా నిలబెట్టి, హ్యాండిల్ కిందికి లాగితే పైనున్న పంచ్ దాన్ని డైలోకి దింపుతుంది. డై గోడకున్న రంధ్రాల్లోంచి లూబ్ వచ్చి గాళ్లలో నిండుతుంది. హ్యాండిల్ ఎత్తితే బుల్లెట్ మళ్లీ పైకే వస్తుంది. లూబ్ గదిలో ఒత్తిడి తగ్గినప్పుడల్లా రాచెట్ తిప్పుతూ ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద ప్లస్ ఏంటంటే, డైలు, టాప్ పంచ్‌లు రెండు కంపెనీలవీ ఒకదానికొకటి సరిపోతాయి. పాతవి సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతాయి. ఏ గాడిలో లూబ్ పడాలో లోతు సర్దుకోవచ్చు. గ్యాస్ చెక్, అంటే బుల్లెట్ అడుగున బిగించే చిన్న రాగి చిప్ప, ఇందులోనే బిగించుకోవచ్చు.

మైనస్‌లు కూడా ఉన్నాయి. ప్రతి బుల్లెట్‌కీ హ్యాండిల్ కిందికీ పైకీ ఆడాలి, కాబట్టి స్పీడ్ తక్కువ. టాప్ పంచ్ ఆకారం బుల్లెట్ మూతికి సరిపోకపోతే మూతి నలుగుతుంది. బుల్లెట్ మరీ లావుగా ఉంటే డైలోకి వంకరగా దిగి ఒక పక్కే ఎక్కువ చెక్కేస్తుంది. లోతు సరిగా పెట్టకపోతే లూబ్ అడుగు భాగానికి పూసుకుంటుంది, అది పౌడర్‌కి తగలడం మంచిది కాదు.

ఎవరికి: రెండు మూడు రకాల తుపాకులు ఉండి, వారాంతంలో కొన్ని వందల బుల్లెట్లు చేసుకునేవాళ్లకు. రెండింటిలో ఏది అంటే, దగ్గరలో ఏ డైలు చవగ్గా దొరుకుతున్నాయో చూసుకుని తీసుకోండి.

స్టార్: స్పీడ్ కావాలంటే ఇదే

స్టార్ లూబ్-సైజర్ని ఇప్పుడు మాగ్మా ఇంజనీరింగ్ అమ్ముతోంది. ఇందులో బుల్లెట్ మూతి కిందికి పెట్టి దిగుతుంది. చదునైన పంచ్ అడుగు మీద నొక్కుతుంది కాబట్టి మూతికి తగిన పంచ్‌ల కోసం వెతుక్కునే బాధ లేదు. రెండో బుల్లెట్ దిగేటప్పుడు మొదటిదాన్ని కిందికి తోసేస్తుంది. పైకి తీసుకురావడం అనే మాటే లేదు, ఒక్క లాగుడుకి ఒక బుల్లెట్ అయిపోతుంది. లూబ్ ఒత్తిడికి గాలితో నడిచే ఏర్పాటు జోడిస్తే రాచెట్ తిప్పే పని కూడా తప్పుతుంది.

దీని డైకి చుట్టూ చాలా రంధ్రాలుంటాయి. మీ బుల్లెట్‌లో లూబ్ గాడి ఎక్కడుందో చూసుకుని, అక్కర్లేనివాటిని చిన్న సీసం గుళ్లతో మూసేయాలి. మొదటిసారి ఓపిక కావాలి, ఒకసారి కుదిరాక మాత్రం పని పరుగెడుతుంది. ధర ఎక్కువ, డైలు కూడా ఖరీదే, లైమన్-ఆర్‌సీబీఎస్ డైలు దీనికి పట్టవు. ఒకటే క్యాలిబర్‌లో నెలకి వేలల్లో కాల్చేవాళ్లకు తప్ప మిగతావాళ్లకి ఇది అనవసర ఖర్చు.

లీ పుష్-త్రూ కిట్: తక్కువ ఖర్చులో ఎక్కువ పని

ఇంట్లో రీలోడింగ్ ప్రెస్ ఇప్పటికే ఉంటే, దానికి బిగించుకునే చిన్న డై, పంచ్ ఇది. బుల్లెట్‌ని కింది నుంచి మూతి ముందుగా పైకి తోస్తుంది, పైనున్న డబ్బాలో పడుతుంది. నిటారుగా దూసుకెళ్లడం వల్ల వంకర సమస్య తక్కువ. గ్యాస్ చెక్ కూడా బిగిస్తుంది. ఇది లూబ్ నింపదు. దానికి లీ లిక్విడ్ అలాక్స్ లాంటి ద్రవాన్ని డబ్బాలో బుల్లెట్లతో కలిపి కుదిపి, రాత్రంతా ఆరబెడతారు. పూత పల్చగా ఉండాలి. ఎక్కువ పోస్తే చేతికీ డైకీ జిగురు పట్టుకుని చిరాకు పుడుతుంది. పని ఎక్కువైతే అదే కంపెనీ ఆటోమేటిక్ ప్రాసెసింగ్ ప్రెస్ కూడా ఉంది.

ఈమధ్య చాలామంది పౌడర్ కోటింగ్‌కి మారడంతో ఈ కిట్‌కి గిరాకీ పెరిగింది. పాలియెస్టర్ పొడిని బుల్లెట్లకి పట్టించి, దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 నిమిషాలు కాల్చితే గట్టి పెంకులా అంటుకుంటుంది. వేరే లూబ్ అక్కర్లేదు, పొగ కూడా తక్కువ. పూత వల్ల బుల్లెట్ ఒకటి రెండు వెయ్యో వంతులు లావెక్కుతుంది కాబట్టి కోటింగ్ తర్వాత సైజింగ్ తప్పనిసరి. అచ్చు కాస్త సన్నంగా పోస్తున్నవాళ్లకి ఇదొక అదనపు లాభం కూడా. కోటింగే చేస్తాననుకుంటే లూబ్ గది ఉన్న యంత్రానికి వందల డాలర్లు పెట్టడంలో అర్థం లేదు.

లూబ్, హీటర్: దాచిన ఖర్చు

లైమన్, ఆర్‌సీబీఎస్, స్టార్ మూడింటిలోనూ లూబ్ కడ్డీల రూపంలో వేస్తారు. అలాక్స్, తేనెమైనం సగం సగం కలిపిన పాత ఎన్‌ఆర్‌ఏ ఫార్ములా మెత్తగా ఉంటుంది, హీటర్ లేకుండానే నడుస్తుంది. గట్టి లూబ్ అయితే కింద హీటర్ పెట్టాల్సిందే. చలికాలంలో గ్యారేజీలో పని చేసేవాళ్లు హీటర్ ధరని ముందే బడ్జెట్‌లో కలుపుకోండి. ప్రతి సైజుకీ ఒక డై, ప్రతి మూతి ఆకారానికీ ఒక పంచ్ అనేది కూడా లెక్కలో ఉండాలి.

పిల్లలున్న ఇల్లైతే ఇది చదవకుండా కొనొద్దు

సీసం విషం. సైజింగ్ చేసేటప్పుడు చేతులకి, బల్లకి, బట్టలకి అంటుతుంది. పిల్లల రక్తంలో సీసానికి అమెరికా సీడీసీ 2021లో పెట్టిన హెచ్చరిక స్థాయి డెసిలీటర్‌కి 3.5 మైక్రోగ్రాములు. దీన్ని బట్టే ఎంత తక్కువ మోతాదు గురించి మాట్లాడుతున్నామో అర్థమవుతుంది. వంటగదిలో ఈ పని వద్దు. కోటింగ్‌కి వాడిన ఓవెన్‌లో మళ్లీ ఆహారం వండొద్దు. పని చేస్తూ టీ తాగడం, బిస్కెట్ తినడం మానేయండి. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, బట్టలు వేరుగా ఉతకండి. బల్లని చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవండి, దుమ్ము లేవదు. ఇంట్లో గర్భిణి గానీ పసిపిల్లలు గానీ ఉంటే పనిని ఇంటి బయట షెడ్డుకి మార్చడమే మేలు. ఏడాదికోసారి రక్త పరీక్ష చేయించుకోండి.

మా మాట

మొదటిసారి కొనేవాళ్లకి మా సలహా: ముందు మంచి మైక్రోమీటర్ కొని బారెల్ కొలవండి. ఇంట్లో ప్రెస్ ఉంటే లీ కిట్‌తో మొదలుపెట్టండి. ఆరు నెలలు చేశాక సంప్రదాయ లూబే నచ్చితే, రకరకాల క్యాలిబర్లకి లైమన్ లేదా ఆర్‌సీబీఎస్ తీసుకోండి. స్టార్‌కి వెళ్లేది మాత్రం మీ లెక్క నెలకి వేలల్లోకి చేరినప్పుడే. సెకండ్ హ్యాండ్ కొంటుంటే హ్యాండిల్ కింది దాకా లాగి రామ్ పక్కలకి ఊగుతుందేమో చూడండి, లూబ్ గది స్క్రూ మరలు అరిగాయేమో తిప్పి చూడండి, వచ్చే డై మీద రాసిన సైజు మీకు కావాల్సిందేనా అని సరిచూసుకోండి. డై మీద 0.358 అని రాసి ఉన్నా, అందులోంచి వచ్చిన మొదటి పది బుల్లెట్లని మైక్రోమీటర్‌తో కొలిచాకే మిగతావి మొదలుపెట్టండి.