వార్తల్లో పదం: మేధోవలస

ఒక దేశం తన ఖర్చుతో తీర్చిదిద్దిన శాస్త్రవేత్తలు, వైద్యులు, ఇంజినీర్లు మెరుగైన అవకాశాల కోసం పరదేశాలలో స్థిరపడటాన్ని మేధోవలస అంటారు. బ్రిటన్ శాస్త్రవేత్తలు ఉత్తర అమెరికాకు తరలిపోవడంపై 1963లో రాయల్ సొసైటీ నివేదిక వెలువరించాక దీనిపై చర్చ విస్తరించింది. భారత్ నుంచి ఇందుకు ఒక ఉదాహరణ: లివర్‌పూల్‌లో డాక్టరేటు పొంది 1949లో స్వదేశానికి వచ్చిన శాస్త్రవేత్త హరగోవింద్ ఖొరానా, తగిన ఉద్యోగం దొరకక మళ్లీ వెళ్లిపోయి, 1966లో అమెరికా పౌరుడై, 1968లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో పంచుకోగా, మరుసటి ఏడాది భారత ప్రభుత్వం ఆయనను పద్మవిభూషణ్‌తో సత్కరించింది. ఆయన విజయంపై దేశం గర్వించడం సహజమే గాని, ఆయనకు ప్రయోగశాలను సమకూర్చలేకపోయిన వ్యవస్థ ఆ విజయంలో వాటా కోరడం న్యాయం కాదు. వలస నిపుణుల ఆదాయంపై పన్ను విధించి, ఆ సొమ్మును వారి స్వదేశాల అభివృద్ధికి మళ్లించాలని ఆర్థికవేత్త జగదీశ్ భగవతి 1970లలో చేసిన ప్రతిపాదన విస్తృతంగా చర్చకు వచ్చినా ఆచరణకు నోచుకోలేదు.