ముందు ఒత్తిడి, తర్వాతే పానా

అమెరికాలోని మిన్నెసోటాలో సిరిల్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు టర్కీ కోళ్ల షెడ్లలో పెంట ఎత్తడానికి 1957లో తయారుచేసిన చిన్న మూడుచక్రాల బండికి వారసురాలైన స్కిడ్ స్టీర్ లోడర్, చక్రాలను వంచకుండా, కుడి ఎడమ చక్రాలను వేర్వేరు వేగాలతో నడిపి నేలమీద జారుతూ మలుపు తిరిగే యంత్రం. బకెట్‌ను ఎత్తే ఆర్మ్‌లను కదిలించేది పంపు తోసే నూనె; ఆ నూనెను సిలిండర్లకు చేర్చే వంగే గొట్టమే హైడ్రాలిక్ హోస్. దానిలో నూనెకు చెడని కృత్రిమ రబ్బరు పొర, దానిపై ఉక్కు తీగల అల్లిక, అన్నిటికీ పైన రాపిడిని ఓర్చే తొడుగు ఉంటాయి. లోపలి ఒత్తిడి తరచుగా 200 బార్ దాటుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల బరువు.

అందుకే నూనె ధారగా కారే హోస్ కన్నా, సూదిమొనంత రంధ్రం పడిన హోస్ ఎక్కువ ప్రమాదకరం. కంటికి ఆనని ఆ సన్నని ధార చేతి తొడుగునైనా చీల్చుకొని చర్మం కిందికి దూరగలదు. పైకి చిన్న పోటులా కనిపించి, మొదట్లో నొప్పి కూడా అంతగా తెలియని ఆ గాయానికి గంటల్లోనే శస్త్రచికిత్స జరగకపోతే వేలినో చేతినో కోల్పోయే ముప్పుంది. కాబట్టి కారే చోటును వేలితో తడిమి వెతకకూడదు. కళ్లద్దాలు పెట్టుకొని, అట్టముక్కను దూరం నుంచి అడ్డుపెట్టి చూడాలి.

పాడైన హోస్‌ను మార్చే ముందు బండిని చదునైన నేలపై నిలిపి, బకెట్‌ను నేలకు ఆనించి, ఇంజిన్ ఆపాక, లీవర్లను అటూ ఇటూ పలుమార్లు కదిపితే గొట్టాల్లో మిగిలిన ఒత్తిడి దిగుతుంది. ఎలక్ట్రిక్ నియంత్రణ ఉన్న నమూనాల్లో దీనికి తయారీదారు పుస్తకంలోని పద్ధతినే పాటించాలి. ఆర్మ్‌లు పైకెత్తి ఉంచక తప్పనప్పుడు బండితో వచ్చే ఉక్కు ఆధారాన్ని బిగించాలే తప్ప, నూనె మోస్తుందన్న ధీమాతో వాటి కిందికి వెళ్లరాదు.

నూనె చల్లారాక, జాయింటు చుట్టూ మట్టిని తుడిచి, ఒక పానాతో అడాప్టరును కదలకుండా పట్టుకొని, మరో పానాతో హోస్ నట్టు విప్పాలి. తెరుచుకున్న కొసలకు వెంటనే మూతలు పెట్టాలి, ఎందుకంటే లోపలికి పోయిన ఇసుక రేణువు వాల్వును గీరి పాడుచేయగలదు.

పాత హోస్‌ను నమూనాగా తీసుకెళ్తే, ఆటోనగర్లలోని హోస్ దుకాణాల వారు కొలత ప్రకారం కోసి, కొసలకు ఫిట్టింగులను యంత్రంతో నొక్కి బిగిస్తారు; దీన్నే క్రింపింగ్ అంటారు. పొడవు సరిపోయినంత మాత్రాన చాలదు: లోపలి వ్యాసం, తట్టుకోగల ఒత్తిడి, మరల రకం, కొస వంపు అన్నీ కలవాలి. హోస్‌పై ముద్రించిన ఎస్ఏఈ 100ఆర్2 అనే గుర్తు రెండు వరుసల ఉక్కు అల్లికను తెలుపుతుంది. దాని స్థానంలో ఒకే వరుస ఉన్న 100ఆర్1 వేయడం డబ్బు ఆదా అనిపించుకోదు.

కొత్త హోస్‌ను బిగించేటప్పుడు దానిపై ఉన్న ముద్ర గీత మెలి తిరగకుండా తిన్నగా సాగాలి. ఒత్తిడికి హోస్ కొంత కుంచించుకుపోవచ్చు గనుక కాస్త సడలు ఉంచాలి. కారుతోందని నట్టును అతిగా బిగిస్తే జాయింటులో కొసలు ఆనుకునే సీటు నలుగుతుందే గాని కారడం ఆగదు.

తగ్గిన మేరకు అదే గ్రేడు నూనె పోసి, ఇంజిన్‌ను నెమ్మదిగా నడుపుతూ, ఖాళీ బకెట్‌తో ఆర్మ్‌లను మెల్లగా ఎత్తి దించితే చిక్కుకున్న గాలి ట్యాంకులోకి పోతుంది. తర్వాత నూనె మట్టాన్ని, జాయింట్లను మళ్లీ చూడాలి. పాత హోస్ ఎక్కడ అరిగిందో గమనించి, దానికెదురుగా ఉన్న ఇనుప అంచునో వదులైన క్లాంపునో సరిచేయకపోతే, కొత్తది కూడా అక్కడే చిరుగుతుంది.