ఇంగ్లీషు వచ్చు, మరి మాట కలవదేం?

పిల్లలూ! అమెరికాలో ఎమ్మెస్ చదవడానికి హైదరాబాదు, విజయవాడ లాంటి ఊళ్ళ నుంచి వచ్చిన అన్నయ్యల్ని, అక్కయ్యల్ని మీరు చూసే ఉంటారు. వాళ్ళు చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళే. అయినా మొదట్లో ఇక్కడివాళ్ళతో మాట కలపడం చాలామందికి కష్టం. ఎందుకు?

ఒక అక్కని ఎవరో "హౌ ఆర్ యూ?" అన్నారనుకోండి. అక్క ఆగి, నిన్నటి జ్వరం గురించి చెప్పబోతుంది. ఈలోగా అడిగినాయన నవ్వేసి వెళ్ళిపోతాడు! అక్క చిన్నబోతుంది. నిజానికి అది పలకరింపే. ఊళ్ళో పక్కింటివాళ్ళు "భోంచేశారా?" అంటారు చూడండి, అలాంటిదన్నమాట.

కొన్ని మాటలకు అర్థమే మారిపోతుంది. "2024లో పాసౌట్ అయ్యాను" అంటే ఇండియాలో చదువు పూర్తయిందని. అమెరికాలో స్పృహ తప్పి పడిపోయానని! మనవాళ్ళు "సరే" అని తల అటూ ఇటూ ఊపితే, ఇక్కడ "కాదు" అనుకునేవాళ్ళూ ఉంటారు.

ఇలా రెండు మూడుసార్లు జరిగితే బెరుకు పుడుతుంది. మాట్లాడటం తగ్గిపోతుంది. అది చూసి ఎదుటివాళ్ళు "మాతో స్నేహం ఇష్టం లేదేమో" అనుకుంటారు. తప్పు ఎవరిదీ కాదు, దూరం మాత్రం పెరుగుతుంది.

మీకు రెండు పద్ధతులూ తెలుసు. ఈసారి అలాంటి అక్క తడబడితే నవ్వకండి. "బాగున్నారా అక్కా?" అని పలకరించి, మెల్లగా విషయం చెప్పండి. రేపు ఇండియాలో మీ తెలుగు తడబడితే, మీరు కోరుకునేది కూడా అదే కదా!