సికిందరాబాద్ గుండు పెద్దదా, తాండూరు బండ పెద్దదా?

సికిందరాబాద్‌లో వాడి వైపు వెళ్ళే రైలెక్కితే శంకర్‌పల్లి, వికారాబాద్ మీదుగా తాండూరు చేరేసరికి నూరు కిలోమీటర్లు దాటుతుంది. నైజాం రైల్వే 1874లో వేసిన దారి ఇది. ఆ కాసేపట్లో కిటికీ పక్కన గడిచిపోయేది 250 కోట్ల సంవత్సరాల భూమి చరిత్ర!

సికిందరాబాద్ చుట్టుపక్కల ఎటు చూసినా గుండ్లే. మౌలాలీ గుట్ట ఎరుగని వారుండరు. ఇది గ్రానైటు. భూమి లోతుల్లో కరిగి ఉన్న రాయి నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. పైనున్న నేల కోట్ల ఏళ్ళు అరిగిపోగా బయటపడింది. దీన్ని పగలగొడితే ముక్కలు వస్తాయి గాని పొరలు రావు. వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు.

తాండూరు నాపరాయి సంగతి వేరు. ఉలి పెట్టి తడితే పలకలుగా లేస్తుంది. ఎందుకంటే అది పొరపొరగా పేరుకున్న రాయి. శాస్త్రజ్ఞులు దీన్ని అవక్షేప శిల అంటారు.

ఇది ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి ఊరి చెరువు చాలు. వానాకాలంలో వాగు నీళ్ళు చెరువులోకి దిగుతాయి. ఉరవడి తగ్గగానే బరువైన ఇసుక వాగు మొగలోనే దిగబడుతుంది. మెత్తని ఒండ్రు మాత్రం కట్ట దాకా పోయి, నీళ్ళు నిలకడైనాక అడుగుకు చేరుతుంది. మరుసటి ఏడు దాని మీద ఇంకో పొర. ఎండాకాలంలో పూడిక తీసే రైతు గడ్డపారతో నిలువుగా కోస్తే ఈ పొరలు కంటికే కనిపిస్తాయి. ఇలాంటి పొరలు వందల అడుగుల మందాన పేరుకుంటే పై బరువుకు కిందివాటిలోని నీరు పిండినట్టు పోతుంది. నీటిలో కరిగి ఉన్న సున్నం వంటివి రేణువులను అతికిస్తాయి. మట్టి రాయవుతుంది. అయితే తాండూరులో దిగింది చెరువు మట్టి కాదు. ఇక్కడ ఒకప్పుడు లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున చేరిన సున్నపు బురదే నేటి నాపబండ.

మరి దాని వయసు? గ్రానైటులోని సన్నని రేణువుల్లో యురేనియం ఒక లెక్క ప్రకారం సీసంగా మారుతుంటుంది. ఎంత మారిందో కొలిచి వయసు చెప్పవచ్చు. నాపరాయికి ఆ పద్ధతి అంత తేలిగ్గా కుదరదు. అందులోని రేణువులు వేరే రాళ్ళు అరిగి వచ్చినవి. పాత ఇంటి ఇటుకలతో కొత్త గోడ కడితే ఇటుక వయసు గోడకు రాదు కదా! అందుకే కింద ఏముంది, పైన ఏముంది అని చూస్తారు. కిందిది ముందు పుట్టింది, పైది తర్వాత పుట్టింది. తాండూరు పొరల అడుగున ఉన్నది గ్రానైటు. ఉత్తరాన ఆ పొరల మీద పరచుకున్నది నల్లరాయి, అంటే లావా గడ్డకట్టినది. వికారాబాద్ అనంతగిరి గుట్టలు కూడా ఆ లావావే. అది పారి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళయింది. నాపరాయి ఈ రెంటికీ మధ్యది. అంచనాల్లో తేడాలున్నా వంద కోట్ల ఏళ్ళ దరిదాపుల్లో ఉంటుంది.

ఈ లెక్కలతో ఏం పని అనవచ్చు. సింగరేణిలోనూ పొరలే, తాండూరులోనూ పొరలే. తాండూరు కింద బొగ్గు ఎందుకు లేదు? జవాబు వయసులోనే ఉంది. బొగ్గు కావాలంటే ముందు అడవి కావాలి. తాండూరు బురద దిగిన నాటికి నేల మీద చెట్టన్నదే పుట్టలేదు. సింగరేణి పొరలు పాతిక కోట్ల ఏళ్ళు దాటినవి. అప్పటికి గోదావరి లోయ నిండా అడవులు, చిత్తడి. ఇల్లెందు దగ్గర ఆ బొగ్గును విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. అదే లోయలో ఇంకా తర్వాతి పొరల్లో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి వద్ద, రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. కోటసారస్ అని పేరు పెట్టిన ఆ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్సు కేంద్రంలో నిలబెట్టారు. తాండూరు బండల్లో అలాంటి ఎముక కోసం వెతకడం వృథా. అప్పటికి ఎముకలున్న ప్రాణే లేదు.

బోరు వేయించే రైతుకు ఈ తేడా ఇంకా దగ్గరిది. గ్రానైటు నేలలో నీరు ఉండేది పైన చివికిన మొరంలో, దాని కింది పగుళ్ళలో. పోనుపోను పగుళ్ళు తగ్గుతాయి. చుక్క పడలేదని ఇంకో మూడు వందల అడుగులు దింపించడం చాలాసార్లు అప్పును లోతు చేయడమే. నాపరాయి నేలలో పొరకూ పొరకూ మధ్య సందుల్లో నీరు నడుస్తుంది. కాని ఆ నీరు సున్నాన్ని కరిగించుకుని వస్తుంది. అలాంటి నీళ్ళలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. కందికి పేరుపడ్డ తాండూరులో ఇదొక విచిత్రం.

నాపరాయి సున్నపుదని రుజువు కావాలంటే పనికిరాని బండముక్క మీద స్నానాలగది కడిగే యాసిడ్ రెండు చుక్కలు వేస్తే సరి. బుసబుస పొంగుతుంది. గ్రానైటు మీద వేస్తే పొంగదు. అందుకే తాండూరు బండలు పరచిన ఇళ్ళలో నేలకు యాసిడ్ తగలనీయకూడదు. ఒక్కసారికే నునుపు పోయి మచ్చ పడుతుంది.