ఒక చిత్రం, ఇద్దరు స్వరకర్తలు

ఒకరు ఆరంభించిన కృతిని మరొకరు పూర్తిచేయడం ఆంధ్ర సాహిత్యానికి కొత్త కాదు. నన్నయభట్టు అరణ్యపర్వాన్ని నాలుగవ ఆశ్వాసంలో విడిచిపోగా, పదునాల్గవ శతాబ్దిలో ఎఱ్ఱాప్రగ్గడ ఆ శేషాన్ని పూరించినాడు. తన కాలపు ప్రభువును గాక రాజరాజనరేంద్రునే కృతిభర్తగా నిలిపి, ఆది నన్నయ పోకడతో ఆరంభించి, క్రమక్రమంగా తిక్కన పోకడలోనికి సాగినాడు. అతుకు కానరాని ఆ నేర్పును విమర్శకులు నేటికీ కొనియాడుతున్నారు. ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులూ, వినే విద్యార్థులూ ఎరుగదగిన ఇటువంటి ఉదంతమే మన చలనచిత్ర సంగీతంలోనూ ఒకటి ఉన్నది.

అది 1957 మార్చి 27వ తేదీన విడుదలైన విజయావారి "మాయాబజార్". కదిరి వెంకటరెడ్డిగారి దర్శకత్వాన్ని గురించి, పింగళి నాగేంద్రరావుగారి మాటలను గురించి, మార్కస్ బార్ట్లేగారి ఛాయాగ్రహణాన్ని గురించి తెలుగువారు తరతరాలుగా చెప్పుకొంటూనే ఉన్నారు. తెరమీద సంగీత దర్శకునిగా కనిపించే పేరు ఒక్కటే: ఘంటసాల వెంకటేశ్వరరావు. ఆ పేరు అక్కడ ఉండడం న్యాయమే. కాని "శ్రీకరులు దేవతలు", "లాహిరి లాహిరి", "చూపులు కలిసిన శుభవేళ", "నీకోసమే" అనే నాలుగు పాటలకు వరుసలు కట్టినవారు సాలూరు రాజేశ్వరరావుగారు. ఆ నాలుగింటిని సమకూర్చిన పిమ్మట వారు ఆ చిత్రంనుండి విరమించుకొన్నారు. తక్కిన భారమంతా ఘంటసాలవారి భుజాలమీద పడింది.

ఇద్దరూ 1922లో పుట్టినవారే. రాజేశ్వరరావుగారు సాలూరు దాపున శివరామపురంలో, సంగీతమే వృత్తిగా గల యింట జన్మించినారు. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. బాల్యంలోనే 1935 నాటి "శ్రీకృష్ణలీలలు" చిత్రంలో కృష్ణుడై పాడినారు. ఆ మరుసటి సంవత్సరమే వచ్చిన "శశిరేఖా పరిణయం"లో అభిమన్యుని పాత్ర వారిదే. ఒకనాడు తాను అభిమన్యుడై నటించిన కథకే రెండు దశాబ్దాల తరువాత యుగళగీతాలు కట్టే అవకాశం కలిగిందన్నమాట.

ఘంటసాలవారి బాట వేరు. కృష్ణాజిల్లా చౌటపల్లిలో పుట్టి, చిన్ననాడే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో మధుకరం చేసుకొంటూ పట్రాయని సీతారామశాస్త్రిగారివద్ద విద్య నేర్చినారు. 1942 ఉద్యమంలో చెరసాలకు వెళ్ళినారు. 1951లో వెలువడిన "మల్లీశ్వరి"కి రాజేశ్వరరావుగారు సంగీతం కూర్చగా, నాయకుని పాటలకు గొంతు ఇచ్చినవారు ఘంటసాలవారు. కనుక ఒకరి బాణీ మరొకరికి అపరిచితం కాదు.

ఇక 1957 నాటి పనిని గురించి కొంచెం ఆలోచించవలసి ఉన్నది. వరుస కట్టడంతో పాట ముగియదు. పల్లవికి ముందు ఏ వాద్యం పలకాలి, చరణానికీ చరణానికీ నడుమ ఏ స్వరాలు నడవాలి, గాయకుని గొంతు ఎక్కడ ఆగి వేణువు ఎక్కడ అందుకోవాలి అనే నిర్ణయాలన్నీ తరువాతివి. గాయకులూ వాద్యగాండ్రూ కలిసి కూర్చుండి ఏకబిగిని పాడి శబ్దగ్రహణం చేసే రోజులవి. ఒక్కరు తప్పినా మళ్ళీ మొదటినుండి పాడవలసిందే. ఎన్. సి. సేన్‌గుప్తా, ఎ. కృష్ణమూర్తిగారల తోడ్పాటుతో ఘంటసాలవారు ఆ నాలుగు పాటలకు వాద్యరచన చేయించి రికార్డు చేసినారు. మిగిలిన పాటలకు తామే వరుసలు కట్టినారు. అంతేకాదు, రాజేశ్వరరావుగారి యుగళగీతాలను పి. లీలగారితో కలిసి తామే గానం చేసినారు.

పసుపు పండించే ఆర్మూరు ప్రాంతపు విద్యార్థికి దీనిని వేరే వివరించనక్కరలేదు. చేనిలో దుంప తవ్వగానే పసుపు సిద్ధం కాదు. దానిని ఉడకబెట్టాలి, కళ్ళంలో దినాలతరబడి ఎండబెట్టాలి, ఆపైన మెరుగు పెట్టాలి. బంగారు వన్నె దుంపలో ఉన్న మాట నిజమే. దానిని బయటికి తెచ్చేది తరువాతి చేతులే అన్నదీ అంతే నిజం. కొమ్మును చూచి ఇందులో రైతు పాలెంత, మెరుగు పెట్టినవాని పాలెంత అని ఎవరు విడదీయగలరు?

చిత్రాన్ని శ్రద్ధగా వింటే ఇద్దరి మనోధర్మమూ తెలుస్తుంది. మోహన రాగచ్ఛాయలో సాగే "లాహిరి"లో వెన్నెలా, నీరూ, పడవ కదలికా కలిసిపోయిన మార్దవం రాజేశ్వరరావుగారిది. పి. సుశీలగారు పాడిన మాయాశశిరేఖ పాటలోని చిలిపితనం, మాధవపెద్ది సత్యంగారి కంఠంలో ఘటోత్కచుని భోజనోత్సాహం ఘంటసాలవారి కూర్పు. ఈ చివరిపాట నడక, 1922లో ఇంగ్లండులో చార్లెస్ పెన్రోజ్ రికార్డుగా ఇచ్చిన నవ్వే పోలీసు పాటకు దగ్గరి చుట్టం. ఇంత భిన్నమైన పాటలు ఒకే చిత్రంలో ఒకదాని ప్రక్క ఒకటి ఒదిగి ఉన్నవంటే, అన్నింటినీ ఒకే తీరున అమర్చిన చేయి ఒకటి ఉండడమే కారణం.

ఇటువంటి పొత్తులు పాశ్చాత్యదేశాలలోనూ లేకపోలేదు. 1968లో బీటిల్స్ బృందానికి చెందిన జార్జి హారిసన్ రచించిన ఒక పాటలో ముఖ్యమైన గిటారు వాద్యం ఎరిక్ క్లాప్టన్‌ది. తొడుగుమీద అతని పేరు లేదు. మరుసటి యేడు క్లాప్టన్ బృందమైన క్రీమ్ వెలువరించిన "బ్యాడ్జ్" పాటలో హారిసన్ గిటారు వాయించి, "రహస్య దేవదూత" అనే అర్థంగల ఇటాలియను మారుపేరు పెట్టుకొన్నాడు. పేరు అట్టమీద ఉన్నా లేకున్నా, వినేవానికి దక్కిన సంగీతం ఒక్కటే.

ఈ సంగతి తెలిసిన వెంటనే కొందరు ఘంటసాలవారి కీర్తినుండి నాలుగు పాటలు తీసివేయబూనుతారు. అది తగని పని. ముందరి వరుసలను ప్రక్కకు నెట్టి అన్నీ కొత్తగా కట్టి ఉంటే, తెరమీది పేరుకు వేరొకరి పాలు ఉండేదే కాదు. ఆయన ఆ వరుసలను నిలిపి, వాటికి తన గొంతే అర్పించినారు. తోటి కళాకారునిపట్ల చూపగల గౌరవం ఇంతకంటె వేరే ఏముంటుంది? రాజేశ్వరరావుగారి విషయంలోనూ అంతే. 1959లో విజయావారి "అప్పు చేసి పప్పు కూడు"కు వారే సంగీతం కూర్చినారు. 1962 నాటి "ఆరాధన"లోను, 1964 నాటి "డాక్టర్ చక్రవర్తి"లోను వారి బాణీలను ఘంటసాలవారు పాడుతూనే ఉన్నారు. ఘంటసాలవారు 1974లోను, రాజేశ్వరరావుగారు 1999లోను కీర్తిశేషులైనారు.

అరణ్యపర్వాన్ని చదివేటప్పుడు నన్నయనూ ఎఱ్ఱననూ కూడ స్మరించడం మనకు అలవాటు. "లాహిరి" వినేటప్పుడు ఆ రెండవ పేరును సైతం విద్యార్థులకు చెప్పడం ఉపాధ్యాయుల ధర్మం. ఒకరికి ఇచ్చిన గౌరవం మరొకరికి లోటు కాదు.