ఖాళీ జాగా ఏమైంది?

ఒక టెరాబైట్ అని కొన్న హార్డ్‌డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్ 931 జీబీయే చూపిస్తుంది. కొన్నవారి అనుమానం ముందు షాపువాడి మీదికే పోతుంది. పాపం, అతని తప్పేమీ లేదు. తయారీదారుల లెక్కలో టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం వెయ్యికి బదులు 1024తో భాగిస్తూ పోతుంది. బైటు ఒక్కటీ తగ్గలేదు. ఈ తికమక తీర్చడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ 1998లో గిబిబైట్ వంటి కొత్త పేర్లు పెట్టింది గానీ విండోస్ వాటి జోలికి పోలేదు.

హార్డ్‌డిస్క్ పుట్టిన కొత్తలో పోగొట్టుకోవడానికి అసలు జాగాయే లేదు. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్‌లో రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. దాదాపు టన్ను బరువున్న ఆ యంత్రంలో పట్టింది 50 లక్షల అక్షరాలు, అంటే ఇప్పటి ఫోనులో తీసిన ఒక ఫొటోకు చాలీచాలనంత. 1980లో సీగేట్ ఇంచుమించు అదే మోతాదును బల్లమీది కంప్యూటర్‌లో ఇమిడే పెట్టెలోకి కుదించింది. అసలు మలుపు 1988లో వచ్చింది. భౌతిక శాస్త్రవేత్తలు ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ విడివిడిగా చేసిన పరిశోధనల వల్ల అతి బలహీనమైన అయస్కాంత గుర్తులను కూడా చదవగల హెడ్‌లు సాధ్యమయ్యాయి. 1997 నాటికి అవి మార్కెట్లోకి వచ్చాయి, అదే పళ్లెం మీద గుర్తులను మరింత ఇరికించి రాయడం మొదలైంది. 2007లో ఆ ఇద్దరికీ నోబెల్ దక్కింది.

జాగా పెరిగేకొద్దీ లెక్క చిక్కుపడింది. ఏ గడి ఏ ఫైలుదో రాసి ఉంచే ఫైల్ సిస్టమ్ డిస్కుకు కరణం లాంటిది. దస్త్రంలో పేరు కొట్టేస్తేనే ఆ గడి ఖాళీ కింద లెక్క. ఫైలు కంటికి కనబడకుండా పోయినంత మాత్రాన పేరు కొట్టేసినట్టు కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని ఉప్మాకలో ఫాల్గుణ మాసంలో వేంకటేశ్వరస్వామి కల్యాణం జరుగుతుంది. అలాంటి ఉత్సవాన్ని 4కె వీడియోగా, సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ ఖర్చు. ఒకటి రెండు పూటల చిత్రీకరణకే చిన్న డిస్కు నిండిపోతుంది. పాతవి డిలీట్ చేసినా ఖాళీ పెరగకపోతే మొదట చూడాల్సింది చెత్తబుట్టనే. మాక్‌లో డిలీట్ చేసిన ఫైళ్లు అదే బయటి డిస్కులో, దాచి ఉంచిన ఫోల్డర్‌లోకి చేరతాయి. డిస్కు తీసుకెళ్లి విండోస్‌కు తగిలిస్తే అవి మామూలుగా కనబడవు, జాగా మాత్రం తింటూనే ఉంటాయి. ఎడిటింగ్ చేసే ప్రీమియర్ ప్రో తన సౌకర్యం కోసం తయారుచేసుకునే కాష్ ఫైళ్లదీ ఇదే వరస: వీడియో వేరే డిస్కులో ఉన్నా ఇవి సాధారణంగా సీ డ్రైవ్‌లో పోగవుతాయి.

ఇక సీ డ్రైవ్. ఫోల్డర్లన్నీ ఎంచుకుని ప్రాపర్టీస్ చూస్తే 90 జీబీ, డ్రైవ్ మీద చూస్తే 140 జీబీ నిండినట్టు ఉందనుకుందాం. ఆ 50 జీబీ తేడాలో ఎక్కువ భాగం మామూలు యూజర్‌కు తెరవడానికి అనుమతి లేని చోట ఉంటుంది. రిస్టోర్ పాయింట్లు దాచే సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్ ముఖ్యమైన అనుమానితుడు. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు కూడా తక్కువ తినవు. పెద్ద అప్‌డేట్ తర్వాత మిగిలే పాత విండోస్ నకలు మామూలుగా పది రోజులకు తనంతట తానే పోతుంది. ట్రీసైజ్ లాంటి ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే లెక్క చాలావరకు తేలుతుంది. దీనికి తలకిందులుగా మోసగించేదీ ఒకటుంది: విండోస్‌లోని విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్. ఒకే ఫైలుకు రెండు పేర్లుండటం వల్ల అది ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. దాన్ని చేత్తో తీసేయబోతే విండోస్‌కే ఎసరు.

చిన్న ఫైళ్ల సంగతి వేరు. నోట్‌ప్యాడ్‌లో 'ఉప్మాక' అని మాత్రం రాసి సేవ్ చేయండి. యూటీఎఫ్-8 లెక్కలో అది 18 బైట్లు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో మామూలుగా గడి సైజు 128 కేబీ ఉంటుంది. ఫైలు ఎంత చిన్నదైనా దాని గడిని మరో ఫైలు పంచుకోదు. అలాంటివి పదివేలు చేరితే ఒక జీబీకి పైనే పోతుంది.

లైనక్స్ సర్వర్లలో అన్నిటికంటే విచిత్రమైన కేసు. లాగ్ ఫైలు డిస్కంతా నింపేసిందని డిలీట్ చేస్తారు. ఫోల్డర్‌లో అది లేదు, ఖాళీ మాత్రం రాలేదు. ఆ ఫైలును ఏదో ప్రోగ్రాం ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది, అది వదిలేదాకా గడులు విడుదల కావు. ఆ ప్రోగ్రాంను ఆపి మళ్లీ మొదలుపెడితే ఒక్కసారిగా పదుల జీబీలు తిరిగొస్తాయి. మెకానిక్‌కు ఫోన్ చేయగానే 'ముందు ఒకసారి రీస్టార్ట్ చేయండి' అనడం అన్నిసార్లూ తప్పించుకోవడానికి కాదు.