క్రిస్మస్‌కు ఇంటికి వచ్చిన బోర్డింగు బిడ్డలు



డిసెంబరు మూడవ వారము వచ్చిందంటే నెల్లూరు నుండి మైపాడు వచ్చే బస్సులలో ఒక సందడి కనిపిస్తుంది. రేకు పెట్టెలు, సంచులు, చుట్టిన చాపలు, వాటి మధ్య బోర్డింగు పిల్లలు. క్రైస్తవ పాఠశాలలకు క్రిస్మస్ సెలవులు, మిగతా బడులకు సంక్రాంతి సెలవులు ఇవ్వడము మన రాష్ట్రములో చాలా కాలముగా ఉన్న ఏర్పాటు. కాబట్టి మన బిడ్డలు అందరికన్నా ముందు ఇల్లు చేరుతారు. పాతిక కిలోమీటర్ల ప్రయాణమే అయినా, ఆరు నెలలు తల్లికి దూరముగా ఉన్న బిడ్డకు అది చాలా పొడుగైన దారి.

వచ్చిన బిడ్డ వార్తలు మోసుకొని వస్తుంది. అర్ధ సంవత్సర పరీక్షలలో లెక్కలలో ఎన్ని మార్కులు వచ్చాయి, ఆటల పోటీలలో ఎవరు గెలిచారు, వాక్యములు కంఠస్థము చెప్పే పోటీలో ఎవరికి బహుమతి వచ్చింది, సెమీ క్రిస్మస్ నాటకములో ఎవరు గొర్రెల కాపరి, ఎవరు జ్ఞాని, దేవదూత రెక్క ఊడిపోయినప్పుడు ఎవరు నవ్వారు! తల్లి చేపల పులుసు వడ్డిస్తూ వింటుంది. తండ్రి ప్రోగ్రెసు కార్డు తిప్పి తిప్పి చూస్తాడు. చదవడము రానివాడైనా ఎర్ర సిరా ఎక్కడ ఉందో గుర్తు పడతాడు.

ఈ సంతోషము దేవుడిచ్చినదే. మార్కులు తెచ్చిన బిడ్డను మెచ్చుకొందాము, తప్పిన బిడ్డను దగ్గరకు తీసుకొందాము. అయితే ప్రోగ్రెసు కార్డులో కనిపించని ఫలితము ఒకటి ఉన్నది. సెలవులు ముగిసి జనవరిలో బడి తెరచిన దినమున ఎందరు బిడ్డలు తిరిగి వెళ్లారు? ఆ టర్ముకు అసలైన ఫలితము అదే.

ఈ తీరములో బోర్డింగులు ఎలా వచ్చాయి?

అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ శామ్యూల్ డే గారు 1840లో నెల్లూరులో నివాసమేర్పరచుకొన్నారు. 1849లో లైమన్ జ్యూయెట్ గారు వచ్చి చేరారు. ఏండ్లు గడిచినా ఫలము స్వల్పముగా ఉండుటవలన తెలుగు మిషనును మూసివేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. పటములో ఒంటరిగా కనిపించుటచేత దానిని ‘ఒంటరి నక్షత్రము’ అని పిలిచారు. అట్టి దినములలో, 1854 జనవరి 1న, ఒంగోలు కొండమీద తెల్లవారుజామున అయిదుగురు కూడి ప్రార్థించిన సంగతి మన సంఘములలో పెద్దలందరికి తెలుసు. జ్యూయెట్ దంపతులతో కూడ ఆ కొండ ఎక్కిన ముగ్గురు మన తెలుగువారు: క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఆడపిల్లకు అక్షరమెందుకని లోకమంతా అడుగుతున్న కాలములో, జూలియా, రూతు అను ఇద్దరు తెలుగు స్త్రీలు ఆ ప్రార్థనలో ఉన్నారని మరువకూడదు.

1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరారు. ఆయన బడిలో అగ్రకులముల పిల్లలు చదువుకొనేవారు. మాదిగ విశ్వాసులను చేర్చుకొంటే తమ పిల్లలను మాన్పిస్తామని పెద్దలు హెచ్చరించారు. ఆ కలతలో దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో బైబిలు తెరువగా ఇద్దరికీ ఒకే భాగము, అనగా 1 కొరింథీయులకు మొదటి అధ్యాయము 26 మొదలు 29 వచనములు కనబడినవని ఆయన తన జీవితచరిత్రలో వ్రాసుకొన్నారు. వారు మాదిగ విశ్వాసులనే చేర్చుకొన్నారు. పల్లెలో వీధిబడి గడప తొక్కనివ్వని బిడ్డకు చదువు కావాలంటే, తిండి, పడక, పుస్తకము ఒకే చోట ఇచ్చే స్థలము ఉండవలెను. బోర్డింగు పుట్టింది ఆ అవసరతలోనుండియే గాని ఆడంబరము కొరకు కాదు.

1876–78 కరువులో మన తీరము వెంబడి పారే బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. అంతమంది చదువురాని విశ్వాసులకు కాపరులు, ఉపాధ్యాయులు ఎక్కడనుండి రావాలి? వారి బిడ్డలలోనుండియే రావాలి. కాలువలో మట్టి మోసిన తరము, తమ బిడ్డ మట్టి మోయకూడదని బడికి పంపింది.

తరువాతి కాలములో ప్రభుత్వమువారు కూడ ఈ దారిలో నడిచారు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల తెరిచారు. 2004లో ఆడపిల్లల కొరకు కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయముల పథకము వచ్చింది. కనుక మీ బిడ్డ మిషను బోర్డింగులో ఉన్నా, గురుకులములో ఉన్నా, కస్తూరిబాలో ఉన్నా ఈ మాటలు మీ కొరకే.

సెలవులలో చదువు ఎందుకు ఆగిపోతుంది?

బడి మానిపించాలని ఏ తల్లీ ముందుగా తీర్మానించుకోదు. ‘పండుగ అయిపోనీ’ అంటుంది. తరువాత ‘సంక్రాంతి దాకా ఉండనీ’ అంటుంది. ఆ తరువాత బిడ్డకే వెళ్లాలంటే సిగ్గు పుడుతుంది.

తీరపు పల్లెలలో పాస్టరుకు వినబడే మాట ఒకటున్నది. ‘అయ్యగారూ, ఆడబిడ్డ తొమ్మిది దాకా చదివింది, చాలదా? నేను తట్ట నెత్తిన పెట్టుకొని చేపలమ్మను పోతే చిన్నబిడ్డలను ఎవరు చూస్తారు?’ ఈ మాట అనే తల్లిది కఠిన హృదయము కాదు, ఆమెకు రెండే చేతులున్నాయి. మగబిడ్డ అయితే రొయ్యల గుంటల కాడ కాపలాకు నిలబెడతారు, నెలకు ఇంత అని చేతికి వస్తుంది. పనిని వెంబడించి ఊరూరు తిరిగే యానాది కుటుంబములలో బిడ్డ కూడ పెద్దలతో వెళ్లిపోతుంది.

గాలివాన వస్తే ఈ భారము మరింత పెరుగుతుంది. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మరునాడు, ఆదివారము ఉదయమున సునామీ మన తీరమును కొట్టింది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరము దాటుతూ నెల్లూరు జిల్లాను వానలతో ముంచింది. పడవ పోయినా, వల పోయినా, చేలు మునిగినా, ఇంటిలో మొదట ఆగేది పెద్ద బిడ్డ చదువే. దానికి నోరు లేదు గదా!

ఆడపిల్ల విషయములో ఇంకొక అపాయమున్నది. పండుగకు బంధువులు కూడుకొంటారు, పిల్ల ఎదిగిందని చూస్తారు, సంబంధముల మాట ఎత్తుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుండి 24 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 29 మందికి పైగా పద్దెనిమిది నిండకముందే పెండ్లి జరిగింది. 2006 బాల్య వివాహ నిషేధ చట్టము ప్రకారము అది నేరము. పద్దెనిమిది నిండని పిల్ల పెండ్లికి ప్రార్థన చేయుమని ఏ పాస్టరును అడుగవద్దు, ఏ పాస్టరూ చేయవద్దు.

హన్నా కుట్టిన చిన్న అంగీ

బైబిలులో తన బిడ్డను బోర్డింగులో ఉంచిన తల్లి ఒకతె ఉన్నది. హన్నా పాలు మాన్పించిన సమూయేలును షిలోహులో ఏలీ యొద్ద విడిచిపెట్టినది. 1 సమూయేలు రెండవ అధ్యాయము చదవండి. ప్రతి ఏడు బలి అర్పించుటకు భర్తతో వచ్చినప్పుడు ఆమె ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది. ఏడాది చూడని బిడ్డకు కొలత ఎలా తెలుసు? తల్లి కంటికి తెలుసు. ఇంత పెరిగి ఉంటాడని లెక్క కట్టి కుట్టేది.

అదే అధ్యాయములో మరొక సంగతి ఉన్నది. తరువాత ఆమెకు ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగారు. ఇంట అయిదుగురు పసివారు! ‘పెద్దవాడు వస్తే వీరిని ఎత్తుకొంటాడు’ అని హన్నా కూడ అనవచ్చును. అనలేదు. అంగీ తొడిగింది, తిరిగి వెళ్లింది. ఆ బిడ్డ ఇశ్రాయేలంతటికీ ప్రవక్త అయ్యాడు.

మరొక వైపు కూడ చూడవలెను. షిలోహు పవిత్ర స్థలమే గాని, అక్కడ ఏలీ కుమారులు దుర్మార్గులుగా ఉన్నారు. మంచి పేరు గల చోట కూడ బిడ్డకు కీడు జరుగవచ్చును. అందుచేత ఉంచి మరచిపోకూడదు, వెళ్లి చూస్తూ ఉండవలెను.

ఈ పది దినములలో మనము చేయదగినవి

1. బిడ్డతో మాట్లాడండి. మార్కులకన్నా ముందు ‘అక్కడ కడుపు నిండుతుందా? ఎవరైనా కొడుతున్నారా? ఎవరిని చూస్తే భయము?’ అని అడగండి. తిరిగి వెళ్లనని ఏడ్చే బిడ్డను సోమరి అని తిట్టకండి, కారణము కనుక్కోండి. బడిలో బిడ్డను కొట్టుట 2009 విద్యాహక్కు చట్టము 17వ సెక్షను ప్రకారము నిషేధము. అంతకన్నా చెడ్డ సంగతి బయటపడితే దాచిపెట్టక 1098 నంబరుకు ఫోను చేయండి.

2. తిరుగు ప్రయాణపు తేదీని ఇప్పుడే కేలండరులో గుర్తుపెట్టండి. బస్సు చార్జీ, సబ్బులు, నూనె, నోటు పుస్తకముల డబ్బు పండుగ బట్టలు కొనకముందే ప్రక్కన పెట్టండి. కొత్త గౌను ఒకటి తగ్గినా క్రిస్మస్ తగ్గదు.

3. పదవ తరగతి బిడ్డకు పబ్లిక్ పరీక్షలు మార్చిలో. మధ్య ఉన్నవి రెండున్నర నెలలే. ఉదయము రెండు గంటలు, సాయంత్రము రెండు గంటలు పుస్తకముతో కూర్చోనివ్వండి. క్రిస్మస్ పాటల బృందముతో రాత్రంతా తిప్పకండి.

4. సంఘపు పెద్దలారా, క్రిస్మస్ ఆరాధనలో బోర్డింగు పిల్లలను ముందుకు పిలిచి వారి వార్తలు చెప్పించండి. బహుమతి వచ్చినవారిని మాత్రమే కాదు, అందరినీ పిలవండి. జనవరి మొదటి ఆదివారమున ఎవరు వెళ్లారు, ఎవరు ఆగారు అని పేరుపేరున చూడండి.

5. ఆగిన బిడ్డ ఇంటికి వెళ్లినప్పుడు ఉపదేశముతో మాత్రమే వెళ్లకండి. చిన్నబిడ్డలను చూచుటకు మనిషి లేకపోతే, స్త్రీల సమాజములో ఇద్దరు వంతులు వేసుకొని చూడవచ్చును. చార్జీ లేకపోతే ఒక ఆదివారపు ప్రత్యేక చందా చాలును. తల్లికి మూడవ చెయ్యి దొరికితే బిడ్డకు బడి దొరుకుతుంది.

పండుగ దినములు త్వరగా గడిచిపోతాయి. కాగితపు నక్షత్రము దించివేస్తాము, అరిసెల డబ్బా ఖాళీ అవుతుంది. ఆ రేకు పెట్టె మాత్రము గుమ్మము ప్రక్కన ఉంటుంది. దానిలో ఉతికిన బట్టలు, ఒక పచ్చడి సీసా, ఎండుచేపల పొట్లము సర్ది, బిడ్డ తలమీద చెయ్యి వేసి ప్రార్థించి బస్సు ఎక్కించండి. కన్నీళ్లు వస్తే రానివ్వండి. హన్నాకు కూడ వచ్చే ఉంటాయి.

దేవుడు మీ బిడ్డల రాకపోకలను కాపాడి, జనవరిలో ఏ తరగతిలోనూ ఒక్క బల్ల అయినా ఖాళీగా లేకుండ చేయును గాక. మీ అందరికీ క్రిస్మస్ శుభములు. ఆమేన్.